గురువుగారి నుదుటి మీద మూడు చుక్కలు

ప్రయాద్ ఎలా చచ్చిపోయాడో పోలీసులు ఒక్క ముక్కలో తేల్చేశారు: దురియన్ పళ్ళు ఎక్కువ తిన్నాడు.

ప్రయాద్‌కి ఆ పండు వాసనే పడదు. ఎవరైనా సంచిలో దురియన్ పెట్టుకుని బస్సెక్కితే, నడుస్తున్న బస్సులోంచి దిగిపోయే రకం. అలాంటి మనిషి రయోంగ్ సముద్రం ఒడ్డున బెంచీ మీద, ఒడినిండా దురియన్ తొక్కలతో, చచ్చిపోయి కూర్చుని ఉన్నాడు. చేతులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి.

"అన్ని పళ్ళు తిన్నవాడి చేతులు అలా ఉండవు. ఇది హత్య," అన్నాడు కర్నల్ వానిత్.

"పోలీసులకి చెప్పారా సార్?"

"చెప్పాను. చేతులు కడుక్కుని చచ్చిపోయుంటాడు అన్నారు."

కర్నల్ నడిపే గూఢచారి విభాగం ఆఫీసు బ్యాంకాక్‌లో ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ పైన ఉంది. చాలా రహస్యమైన విభాగం. ఎంత రహస్యమంటే, బడ్జెట్ వేసేవాళ్ళకి కూడా అది ఉందన్న సంగతి తెలియదు. అందుకే ఫ్యానుకి ఒకటే రెక్క. కింద ఎవరికైనా పన్ను పీకినప్పుడల్లా పైన కర్నల్ మాట ఆపి, అరుపు అయ్యాక మళ్ళీ అందుకునేవాడు.

ఎదురుగా ఏజెంట్ కోప్ నిలబడి ఉన్నాడు. కుర్చీ లేదు. కోప్ అంటే కప్ప. ఇంట్లో పెట్టిన ముద్దుపేరే కోడ్ నేమ్ కూడా. కోడ్ నేములు ఆలోచించే పోస్టు చాలాకాలంగా ఖాళీగా ఉంది. అతను చేసిన మిషన్లన్నీ ఫెయిల్. అయినా ప్రతిసారీ అతన్నే పంపేవారు. గెలిచిన ఏజెంట్లు ఎవరూ బతికి లేరు.

"ప్రయాద్ ఉద్యోగం ఏమిటో తెలుసా? థోంగ్‌నాక్ ఫ్యాక్టరీలో, రేకు మందం కొలిచే లేజర్ గేజీకి ఇన్‌స్పెక్టరు. అక్కడ తయారయ్యే ఉక్కు రేకుతోనే దేశంలో సగం వంటగ్యాస్ సిలిండర్లు చేస్తారు," అన్నాడు కర్నల్.

"లేజర్ ఎందుకు సార్? స్కేలు పెట్టి కొలవచ్చుగా?"

"రేకు గుర్రంలా పరిగెడుతుంటుందయ్యా. ముట్టుకుంటే చెయ్యి పోతుంది. అందుకని పైన ఒక లేజర్, కింద ఒక లేజర్. రెంటికీ మధ్య దూరం ముందే తెలుసు. అందులోంచి పై ఖాళీ, కింది ఖాళీ తీసేస్తే మిగిలిందే మందం. రెండు పాయింట్ ఆరు మిల్లీమీటర్లు ఉండాలి. తగ్గితే?"

"సిలిండర్ పేలుతుంది."

"అప్పుడే పేలితే అదృష్టవంతులం. పరీక్షలో పేలదు. లారీలో పేలదు. ఆర్నెల్లు వంటింట్లో బుద్ధిగా కూర్చుని, అప్పుడు పేలుతుంది."

కింద ఎవరికో పన్ను ఊడింది. ఇద్దరూ మర్యాదగా ఆగారు.

"దీని వెనక గ్రే హెరాన్ ముఠా ఉంది. విదేశీ ముఠా. బాస్ పేరు డ్రేవ్. ఏడు పాస్‌పోర్టులున్నాయి, అసలు దేశం ఏదో వాడికే గుర్తులేదు. మన సిలిండర్లు పేలాలి, జనం మన రేకు పేరు చెబితేనే పారిపోవాలి, అప్పుడు దేశమంతా వాళ్ళ సిలిండర్లు కొనాలి. అదీ ప్లాను."

"గేజీని పాడు చేస్తారా?"

"పాడైతే ఎర్ర లైటు వెలుగుతుంది. వాళ్ళు మనలాంటివాళ్ళు కాదు, తెలివైనవాళ్ళు. ప్రయాద్ చచ్చిపోయే ముందు ఫోన్‌లో ఒక్క మాట చెప్పాడు. 'శిష్యుణ్ణి కాదు, గురువుని మారుస్తున్నారు' అని. దాని అర్థం నాకు తెలీదు. రేపు సాయంత్రం ఆరు గంటలా తొమ్మిది నిమిషాలకి ప్రభుత్వ ఆర్డరు రేకు మొదలవుతుంది. ముహూర్తం పెట్టించారు. ఈలోగా కనుక్కో."

"లోపల మనవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"లలనా ఉంది. ముఠాలో చేరి మనకి పనిచేస్తోంది. లేదా మనలో చేరి ముఠాకి పనిచేస్తోంది. ఆమెని పూర్తిగా నమ్ము."

"సరే సార్."

"కానీ నమ్మకు."

తర్వాత ఆయుధాల పంపిణీ జరిగింది. వెనక ఏం జరుగుతోందో చూపించే నల్లకళ్ళజోడు. పెట్టుకుంటే ముందు ఏముందో కనబడదు. ఫొటోలు తీసే పెన్ను. తీసినప్పుడల్లా పెళ్ళిలో కెమెరాలా మెరుస్తుంది. చప్పుడు రాని తుపాకీ.

"నిజంగానే చప్పుడు రాదా సార్?"

"అస్సలు రాదు. గుండు కూడా రాదు. బెదిరించడానికి వాడుకో."

*

ఊరు దాటే ముందు కోప్ క్లోంగ్ తోయ్ మార్కెట్‌కి వెళ్ళాడు. అతని అక్క ఉరై అక్కడ నూడుల్స్ బండి నడుపుతుంది. అమ్మానాన్న పోయాక ఆ బండి మీదే తమ్ముణ్ణి పెంచింది. పొయ్యి ముందు పొట్టి స్టూలు వేసుకుని కూర్చుంటే, గ్యాస్ సిలిండర్ సరిగ్గా ఆమె మోకాలికి ఆనుకుని ఉంటుంది. వేడి గిన్నెలో చెయ్యి పెట్టి కూడా ఆమె మాటకి మాట జవాబివ్వగలదు.

"ఏరా ఇన్సూరెన్సు ఏజెంటూ, ఒక్క పాలసీ అయినా అమ్మావా?" అంది.

"లేదక్కా."

"నీ మొహం చూస్తే నేనే చచ్చిపోతానేమో అనిపిస్తుంది, అయినా పాలసీ తీసుకోబుద్ధి కాదు. తిను."

కోప్ తినలేదు. సిలిండర్ వంక చూస్తున్నాడు.

"ఇది ఎవరి సరుకక్కా?"

"థోంగ్‌నాక్ రేకు. దీన్ని ఎత్తాలంటే ఇద్దరు మగాళ్ళు, ఒక దేవుడు కావాలి. వేరే కంపెనీలవి ఆడపిల్లలు చంకన పెట్టుకుని పోతున్నారు. పదకొండేళ్ళుగా ఇదే బరువు, నా నడుం పోయింది. ఈసారి ప్రభుత్వం వాళ్ళ కొత్త సిలిండర్లు మా మార్కెట్‌కే ముందు ఇస్తారట. అవైనా తేలిగ్గా ఉంటే బాగుండు."

కోప్ గిన్నె పక్కకి నెట్టేశాడు. తినకుండానే.

"అక్కా, బొగ్గుల పొయ్యి పెట్టుకోవే."

"ఎందుకు?"

చెప్పకూడదు. విభాగం రూలు అది. "రుచి బాగుంటుంది," అన్నాడు.

"పదిమంది నిలబడి ఉంటే బొగ్గులు విసురుకుంటూ కూర్చోనా? నువ్వొచ్చి విసురుతావా? ఉద్యోగం ఎలాగూ లేదు." గరిటె అతని వైపు ఊపింది. "మొహం అలా పెట్టకు. సూప్ విరిగిపోతుంది."

బస్సులో కూర్చున్నాక కూడా కోప్‌కి ఆ మోకాలే కనబడుతోంది. దానికి ఆనుకున్న సిలిండరూ కనబడుతోంది. దేశాన్ని కాపాడటం అతని వల్ల ఎప్పుడూ కాలేదు. ఈసారి దేశం అక్కర్లేదు. ఒక్క మోకాలు చాలు. అదీ అవుతుందన్న నమ్మకం లేదు.

*

మర్నాడు మధ్యాహ్నం, రయోంగ్‌లో ఫ్యాక్టరీ గేటు ఎదురుగా బొప్పాయి సలాడ్ కొట్టు. లోపలి మనిషిని గుర్తుపట్టే కోడ్ ముందే ఖాయమైంది.

రోట్లో మిరపకాయలు దంచుతున్న చోటికి ఒక మహాలక్ష్మి నడిచొచ్చింది. చీలమండల దాకా తెల్ల పట్టు స్కర్టు, ముత్యాల చెవిపోగులు, తెల్లటి గోళ్ళరంగు. ఆమె నడిచినంత మేరా ఫ్యాక్టరీ లారీలు హారన్ కొట్టడం మర్చిపోయాయి. ఒక లారీ కదలడం కూడా మర్చిపోయింది. ఎదురుగా కూర్చుని నెమ్మదిగా అడిగింది:

"మిరపకాయలు ఎన్ని వేయించుకున్నారు?"

"ఏడుస్తూ తినేటన్ని," అన్నాడు కోప్.

"ఎందుకు ఏడవడం?"

"ఇంట్లో కుదరదు కాబట్టి."

కోడ్ సరిపోయింది. కొట్టావిడ మాత్రం ఇద్దరినీ జాలిగా చూసి ఇంకో ప్లేటు అన్నం పెట్టింది.

"నేను లలనా. గేజీ సరిగ్గా ఉందో లేదో సర్టిఫికెట్ ఇచ్చే కంపెనీ తరఫున ఏడాదికి నాలుగుసార్లు వస్తాను. పొద్దున్నే వచ్చి వెళ్ళాను. అంతా బాగుంది."

"గురువుని మార్చడం అంటే ఏమిటి?"

ఆమె సలాడ్‌లో పీతకాలు ఏరి పక్కన పెట్టింది. పక్క బల్ల దగ్గర ఇద్దరు తెల్లచొక్కాల వాళ్ళు ఏమీ తినకుండా చాలాసేపట్నుంచి మెనూ చదువుతున్నారు. ఆ కొట్లో మెనూయే లేదు. వాళ్ళు చదువుతున్నది గోడమీది ఎన్నికల పోస్టరు.

"లోపల సోన్‌క్లిన్ పెద్దమ్మ ఉంటుంది. గేజీ నడిపేది ఆవిడే. ఆవిడ ముక్కు చాలా మంచిది. అయితే ఇవాళ జలుబు చేసింది పాపం," అంది లలనా. లేచి నిలబడింది. "సాయంత్రం ఆరింటికి ఫ్యాక్టరీ వెనక జెట్టీ దగ్గర పడవ షికారుకి పోతున్నాను. మీకు సముద్రం పడదనుకుంటా."

వెళ్ళిపోయింది. తెల్లచొక్కాలు కూడా పోస్టరు చదవడం ఆపి వెనకే వెళ్ళారు.

కోప్ ఆలోచించాడు. ఆమె సాయం చేసిందా, వెక్కిరించిందా? పూర్తిగా నమ్మాడు. కానీ నమ్మలేదు. ఆజ్ఞ ప్రకారమే.

*

లెన్సులు తుడిచేవాడి వేషంలో కోప్ లోపలికి అడుగుపెట్టేసరికి సాయంత్రమైంది. గేటు దగ్గర వాచ్‌మన్ అతన్ని మూడుసార్లు కూర్చోబెట్టి మూడుసార్లు మర్చిపోయాడు.

గేజీ పెద్దది. ఇనుప చట్రం నోరు తెరుచుకున్న మొసలిలా ఉంది. పై దవడలో ఒక ఎర్రచుక్క, కింది దవడలో ఒక ఎర్రచుక్క. వాటి మధ్యలోంచే రేకు పోవాలి. చట్రానికి బంతిపూల దండ. పక్కన చిన్న అలమర. అందులో నైవేద్యంగా స్ట్రా వేసిన ఎర్ర సోడా సీసా, అగరొత్తులు, మఖమల్ గుడ్డ మీద అరచేతంత ఉక్కు బిళ్ళ. బిళ్ళ మీద ముక్కోణంగా మూడు తెల్లచుక్కలు.

"దండం పెట్టుకో," అంది వెనక నుంచి ఒక గొంతు.

అరవైకి దగ్గరపడిన మనిషి. నీలం యూనిఫాం, మెడలో తాయెత్తులు, ముక్కు ఎర్రగా జలుబుతో. సోన్‌క్లిన్ పెద్దమ్మ.

"ఎవరికి పెద్దమ్మా?"

"గురువుగారికి. గుడ్డివాడివా? ప్రతి షిఫ్టు మొదట్లో గేజీకి ముందు ఈయన్ని చూపించాలి. ఈయన మందం రెండు పాయింట్ ఆరు. 'ఇదిగో, రెండు పాయింట్ ఆరంటే ఇదీ' అని గేజీకి నేర్పిస్తాడు. ఆ రోజంతా గేజీ అదే పాఠం అప్పజెబుతుంది, దాని మాట విని రోలర్లు రేకుని నొక్కుతాయి. మరి గురువు కాక ఎవరు?"

కోప్‌కి ప్రయాద్ మాట గుర్తొచ్చింది. శిష్యుణ్ణి కాదు, గురువుని. సన్నబిళ్ళ తెచ్చిపెట్టి ఇదే రెండు పాయింట్ ఆరు అంటే, గేజీ నమ్ముతుంది. ఆ రోజంతా సన్నరేకుని చూసి పచ్చలైటు వెలిగిస్తుంది. అబద్ధం ఆడుతున్నట్టు దానికే తెలీదు.

"ఈ చుక్కలు?"

"నేను పెట్టేవి. గేజీ కొత్తలో గురువుగారు అద్దంలా మెరిసేవాడు, అంకెలు ఒకచోట నిలిచేవి కావు. విదేశీ ఇంజనీరు నెల్లాళ్ళు తల పట్టుకున్నాడు. భిక్షువుగారు వచ్చి పిండి తడిపి మూడు చుక్కలు పెట్టారు. పై చుక్క మీద ఎర్రదీపం పడగానే అంకె మేకు కొట్టినట్టు నిలబడింది. ఇంజనీరు ఆ రోజే బౌద్ధంలో చేరిపోయాడు. అప్పట్నుంచీ ప్రతి గురువారం తుడిచి కొత్తగా పెడతాను. వట్టి పిండి కాదు, మల్లెపూల నీళ్ళతో."

కోప్ వంగి వాసన చూశాడు. మల్లెలు లేవు. బ్యూటీ పార్లరు వాసన వచ్చింది. గోళ్ళరంగు.

తెల్ల గోళ్ళరంగు!

లోకంలో ఏ గూఢచారీ ఇంత తొందరగా కేసు పట్టుకోలేదు. సంతోషంలో అతను గోటితో మూడు చుక్కలూ గీకి పారేశాడు. కింద బిళ్ళ కొత్తగా, పల్చగా, పచ్చి అబద్ధంలా మెరిసింది.

"ఓరి నీ చేతులు విరగ!" పెద్దమ్మ అరుపుకి పైకప్పు మీద పావురాలు లేచిపోయాయి. "గురువుగారి నుదురు తుడిచేశావా? ఇంకాసేపట్లో ముహూర్తం పెట్టుకుని!"

"పెద్దమ్మా, ఇది నకిలీ! అసలుది ఎత్తుకుపోయారు!"

"నకిలీదో మకిలీదో, పదకొండేళ్ళు దణ్ణం పెట్టించుకున్న చోట కూర్చున్నాక ఆయన గురువే. పో అవతలికి! నీకు పుట్టబోయే పిల్లలకి లెక్కలు రాకుండా పోతాయి!"

కోప్ అప్పటికే పరిగెడుతున్నాడు.

*

జెట్టీ చివర లలనా నిలబడి ఉంది. చేతిలో మఖమల్ సంచి. పడవలో తెల్లచొక్కాలు. ఒడ్డున, గొడుగు కింద, పల్చటి పెదాలతో ఒక పొడుగాటి విదేశీయుడు. డ్రేవ్.

కోప్ తుపాకీ తీశాడు. "ఆగు!"

ఆగింది. ఆమె ఒక్కతే కాదు, జెట్టీ మీద వలలు సర్దుకునేవాళ్ళు ఆగారు, సైకిలు మీద పోతున్న ఐస్‌క్రీమువాడు దిగి నిలబడ్డాడు. ఫ్యాక్టరీ లౌడ్‌స్పీకర్లో ఆరు గంటల జాతీయగీతం మొదలైంది.

కోప్ కాళ్ళు కూడా వాటంతటవే దగ్గరికి చేరాయి. చేతులు పక్కకి వచ్చాయి. తుపాకీ నేలవైపు చూసింది. చిన్నప్పట్నుంచీ రోజుకి రెండుసార్లు చేసిన పని అది. శత్రువు కోసం మానేయాలని మెదడు చెప్పింది. కాళ్ళు వినలేదు. లలనా కూడా అతనికి నాలుగడుగుల దూరంలో నిటారుగా నిలబడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ, కొయ్యబొమ్మల్లా.

పెదాలు కదపకుండా ఆమె అడిగింది: "గోళ్ళరంగు వాసన వచ్చిందా?"

"వచ్చింది," అన్నాడు కోప్, అతనూ పెదాలు కదపకుండా. "సిగ్గు లేదూ?"

"చెరిపేశావా?"

"మొత్తం గీకేశాను."

"పెద్దమ్మ తిట్టిందా?"

"నా పిల్లల్ని కూడా తిట్టింది."

"మంచిది," అంది లలనా. ఆమె కళ్ళు ఎందుకో తడిగా ఉన్నాయి. సముద్రపు గాలి అనుకున్నాడు కోప్.

డ్రేవ్ ఏడు దేశాల పౌరుడు. ఏ పాటకీ నిలబడే అలవాటు లేదు. షికారుకి వచ్చినట్టు ఇద్దరి మధ్యకి నడిచొచ్చాడు. లలనా చేతిలోంచి సంచి తీసుకున్నాడు. అందులోంచి బిళ్ళ తీసి, ఎండకి పట్టి చూసి, సముద్రంలోకి విసిరాడు. పిల్లలు పెంకు విసిరినట్టు అది మూడుసార్లు ఎగిరి మునిగింది. తర్వాత కోప్ దగ్గరికొచ్చి, అతని చొక్కా కాలరు సరిచేసి, వచ్చీరాని థాయ్‌లో అన్నాడు:

"మీ దేశం నాకు చాలా ఇష్టం. ఎవరూ అడ్డురారు."

పాట అయిపోయింది. డ్రేవ్ వెనకే లలనా తనంతట తానే నడిచి పడవెక్కింది. ఎక్కేముందు ఒక్కసారి వెనక్కి చూసింది. కోప్ తుపాకీ ఎత్తి కాల్చాడు. చప్పుడు రాలేదు. గుండూ రాలేదు. విభాగం మాట నిలబెట్టుకుంది.

పడవ వెళ్ళిపోయింది.

*

గేజీ దగ్గర పెద్ద సందడి. మంత్రిగారి సెక్రటరీ, రిబ్బన్లు, కొబ్బరిబోండాలు. మేనేజరు అంపోన్ తెల్లకోటులో చెమటలు కక్కుతున్నాడు.

"ఆపండి! రేకు మొదలెట్టొద్దు! గురువు నకిలీ!" అంటూ ఊడిపడ్డాడు కోప్.

"ఎవరు నువ్వు?"

"లెన్సులు తుడిచేవాణ్ణి. కాదు, రహస్య విభాగం ఏజెంటుని."

మేనేజరు మర్యాదస్తుడు. వెంటనే బ్యాంకాక్ ఫోన్ చేసి కనుక్కున్నాడు. "అలాంటి విభాగం ఏదీ లేదంటున్నారు బాబూ."

"అవును! అంత రహస్యం!"

"ఒరే, ఇతన్ని కొంచెం నీడలో కూర్చోబెట్టండిరా. ఎండ దెబ్బ."

ఇద్దరు గార్డులు కోప్‌ని చెరో రెక్క పట్టుకున్నారు. ఆరూ తొమ్మిది. సెక్రటరీగారు మీట నొక్కారు. రేకు కదిలింది, పరుగెత్తింది, మొసలి నోట్లోంచి దూసుకుపోయింది. తెర మీద అంకె వెలిగింది: రెండు పాయింట్ ఆరు సున్నా. పచ్చలైటు. అందరూ చప్పట్లు కొట్టారు.

కోప్ ఒక్కడికే తెలుసు ఆ అంకె ఎంత చక్కటి అబద్ధమో. అసలుది సముద్రం అడుగున ఉంది. పరుగెడుతున్న ప్రతి గజం రేకూ ఆర్నెల్ల తర్వాత ఎవరి మోకాలి పక్కనో కూర్చోబోతోంది. ముందు క్లోంగ్ తోయ్ మార్కెట్‌కే ఇస్తారట.

ఈసారి కూడా అయిపోయింది. ఇంకేం లేదు.

అయితే ఓడిపోవడం బాగా అలవాటైనవాడికి ఒక సుఖం ఉంది, ఓడిపోయాక ఏం చేయాలో వాడికి తెలుసు. కోప్ కాళ్ళు ముడిచి కిందికి జారాడు. గార్డుల చేతుల్లో చొక్కా మిగిలింది. బనీనుతో లేచి పరిగెత్తాడు. గోడకి ఒక అద్దాల పెట్టె ఉంది. అందులో లేజర్ రాకముందు వాడిన చేతి మైక్రోమీటరు, అతిథులకి చూపించడానికి, పక్కన పూలకుండీతో సహా పెట్టారు. మోచేత్తో అద్దం పొడిచాడు. పగల్లేదు. మళ్ళీ పొడిచాడు. మోచెయ్యి పగిలింది. మూడోసారి పూలకుండీ పుచ్చుకుని కొట్టాడు.

రేకు మొదటి ముక్కని అప్పుడే కత్తిరించి, రిబ్బను కట్టి, సెక్రటరీగారి చేతిలో పెడుతున్నారు. కోప్ దాన్ని లాక్కున్నాడు. సెక్రటరీగారు ఫొటో కోసం నవ్వుతూనే ఉన్నారు. మైక్రోమీటరు బిగించి, కొలిచాడు. అతను ఊహించిన అంకె రెండు పాయింట్ మూడు. ఆ అంకె చూపించి అరవడానికి నోరు కూడా తెరిచాడు.

రెండు పాయింట్ ఆరు.

ఇంకో మూల కొలిచాడు. రెండు పాయింట్ ఆరు.

తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. గోడ పక్కన కిందటి నెల రేకు ముక్కలున్నాయి. ఒకటి తీసి కొలిచాడు. రెండు పాయింట్ తొమ్మిది. పదకొండేళ్ళుగా ఇదే బరువు, నా నడుం పోయింది, అని అక్క అన్న మాట చెవిలో మోగింది.

అతను మెల్లగా అలమర వైపు తిరిగాడు. గురువుగారు మఖమల్ గుడ్డ మీద కూర్చున్నాడు. నుదుటి మీద మూడు తెల్లచుక్కలు, తాజాగా, తడి ఇంకా పూర్తిగా ఆరలేదు. మల్లెపూల వాసన.

"చూస్తావేం? నువ్వు తుడిచేస్తే ఊరుకుంటానా? గురువారం కాకపోయినా, పాట అవగానే మళ్ళీ పెట్టేశా. గేజీ దర్శనం చేసుకుంది, అంకె నిలబడింది," అంది సోన్‌క్లిన్ పెద్దమ్మ ముక్కు తుడుచుకుంటూ.

కోప్ బిళ్ళ అంచుని, చుక్కలు లేనిచోట, కొలిచాడు. రెండు పాయింట్ మూడు. నకిలీ నకిలీయే. దాని మీద పిండి పాయింట్ మూడు. రెండూ కలిపి లేజర్‌కి కనబడేది రెండు పాయింట్ ఆరు. ముట్టుకుని కొలిచే యంత్రమైతే చుక్కని చిదిమేసేది. ముట్టుకోదు కాబట్టి చుక్కని కూడా ఉక్కు అనే అనుకుంది. అసలు గురువుగారి మీద ఆ చుక్క ఉన్నన్నాళ్ళూ గేజీ రెండు పాయింట్ తొమ్మిదినే రెండు పాయింట్ ఆరు అనుకుంది, దేశం మొత్తం అనవసరంగా బరువు మోసింది. దొంగ గురువు వచ్చిన రోజే లెక్క సరిపోయింది.

"పెద్దమ్మా, నీ చుక్క మందం ఎప్పుడైనా ఎవరైనా కొలిచారా?"

"ఎందుకు కొలవరు? ఆ లలనా వచ్చినప్పుడల్లా కొలిచేది. లేజర్ పెట్టె తెచ్చి, నా చేత చుక్క పెట్టించుకుని చూసేది. 'ఎప్పుడూ ఒకటే మందం పెద్దమ్మా, నీ వేలికన్నా నిక్కచ్చిది ఈ దేశంలో లేదు' అని నా వేలు ముద్దు పెట్టుకునేది. బంగారు తల్లి. ఇవాళ పొద్దున ఎందుకో నన్ను వాటేసుకుని ఏడ్చింది. నీకూ జలుబేనా అన్నాను."

కోప్ అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

దొంగ బిళ్ళ ఎంత సన్నగా ఉండాలో ఎంచింది ఆమె. సరిగ్గా ఒక చుక్కంత. పెద్దమ్మ ముక్కు పసిగట్టి, తుడిచేసి తన పిండి చుక్క పెడుతుందని గోళ్ళరంగు పూసింది. జలుబు చూశాక ఇంకో ముక్కుని పంపింది. తెల్లచొక్కాల ముందు అంతకన్నా ఏం చెప్పగలదు? డ్రేవ్ ఎప్పుడో ఒకరోజు ఒక సిలిండర్ కోసి కొలుస్తాడు. అప్పుడు పడవలో ఎవరి వంక చూస్తాడో ఆమెకి ముందే తెలుసు. తెలిసే ఎక్కింది.

*

"అయితే గెలిచామన్నమాట," అన్నాడు కర్నల్ వానిత్. కింద ఎవరిదో జ్ఞానదంతం.

"సార్, లలనా ఫైలు మార్చాలి. ద్రోహి అని రాసి ఉంది."

"మారిస్తే ఆమె మన మనిషని తెలిసిపోతుంది. ఇంకా బతికుంటే, చంపేస్తారు."

"బతికి లేకపోతే?"

"అప్పుడు మార్చినా ఆమెకి తెలియదు."

"కనీసం కొత్త బిళ్ళ తెప్పించండి. అది దొంగది."

"దొంగదని చెబితే ఆర్డరు రద్దవుతుంది. రద్దయితే సిలిండర్లు ఎవరు అమ్ముతారు?"

"డ్రేవ్."

"గేజీ సరిగ్గా చెబుతోందా?"

"చుక్క ఉన్నంత వరకూ."

"అయితే చుక్క ఉండేలా చూసుకో. ఎవడైనా శుభ్రంగా ఉండాలని బిళ్ళ తుడిచాడో, ఆర్నెల్లకి మార్కెట్లు లేచిపోతాయి. ఎవరికీ చెప్పకూడదు. నిన్ను అక్కడే పోస్టింగు చేస్తున్నాను. లెన్సులు తుడిచేవాడివి. శాశ్వతంగా."

వానాకాలంలో అక్క ఫోన్ చేసింది. వెనకాల గిన్నెల చప్పుడు.

"ఒరే, కొత్త సిలిండర్ వచ్చింది! ఒక్కదాన్నే ఎత్తేశా! పువ్వులా ఉందిరా. ఆ ఫ్యాక్టరీలో ఎవడో బుద్ధిమంతుడు చేరినట్టున్నాడు. నువ్వూ ఉన్నావు ఎందుకు, రయోంగ్‌లో ఏం చేస్తున్నావసలు?"

"పాలసీలక్కా."

"అమ్మావా?"

"ఒకటి. నీ పేరు మీద. ప్రతి గురువారం కట్టాలి."

"వారం వారం కట్టే పాలసీ ఏమిట్రా? నిన్నెవడో మోసం చేశాడు," అని పెట్టేసింది.

సముద్రం వైపు నుంచి ఏ కబురూ రాలేదు. జెట్టీకి వెళ్ళి కోప్ అడగడం కూడా మానేశాడు. ఆరింటి పాటకి మాత్రం అక్కడే నిలబడతాడు, నాలుగడుగుల ఖాళీ వదిలి.

సోన్‌క్లిన్ పెద్దమ్మ వచ్చే ఏడు రిటైరవుతోంది. చుక్క పెట్టడం అతనికే నేర్పుతోంది. గిన్నెలో పిండి, మల్లెపూల నీళ్ళు, పాత రేకు ముక్క. ఒకసారి పల్చన, ఒకసారి ముద్ద. ఆవిడ తల కొట్టుకుంటుంది, అతను తుడిచి మళ్ళీ పెడతాడు. దేశ భద్రత ఇప్పుడు ఏజెంట్ కోప్ చూపుడువేలి చివర ఉంది. ఇంకా చెయ్యి కుదరలేదు.